బొమ్మ చూసి బాతు వేట తూటాలు కొనకండి

సీజన్ మొదలయ్యే ముందు షాట్‌గన్ తూటాలు ఆన్‌లైన్‌లో కొనే ఆలోచన ఉంటే, దయచేసి ఇది చదివాక కొనండి.

నేను ఆర్డర్ ఇచ్చింది 12 గేజ్ (బ్యారెల్ లావును చెప్పే కొలత), రెండుముప్పావు అంగుళాల స్టీల్ తూటాలు, లోపల 4 నంబర్ సైజు చిన్న గుండ్లు నింపినవి. అమ్మేవాళ్లు పెట్టిన వివరాల్లోనూ అదే ఉంది. పది పెట్టెలు వచ్చాయి. పైన ఎగిరే పక్షి బొమ్మ, 'హై వెలాసిటీ' అని పెద్ద అక్షరాలు. అది చూసి నమ్మి నేరుగా బ్యాగులో సర్దేశాను. పెట్టె అంచున చిన్నగా '7' అని ఉన్న సంగతి వేట నుంచి వచ్చాకే చూశాను.

ఆ రోజు దాదాపు 35 గజాల దూరంలో మూడు బాతులకు దెబ్బ తగిలింది. ఒక్కటే పడింది. మిగతా రెండూ ఈకలు రాలుతున్నా ఎగిరిపోయి తుంగలో దిగాయి. గంటసేపు వెతికినా దొరకలేదు. అవి గాయంతో ఎంతసేపు బతికి ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

నంబర్ పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. 4 నంబర్ గుండు సుమారు 3.3 మిల్లీమీటర్లు, 7 నంబర్‌ది 2.5. చూడ్డానికి తేడా కొంచెమే, కానీ బరువు సగం కూడా ఉండదు. పైగా స్టీల్ సీసం కంటే తేలిక, వేగం త్వరగా పడిపోతుంది. అందుకే సీసంలో 6 వాడినచోట స్టీల్‌లో 4 తీసుకోమంటారు. పెద్ద బాతులకైతే 2 నంబర్ ఇంకా నయం. సీసానికి తిరిగి వెళ్లే మాటే లేదు. నీటి అడుగున పడిన సీసపు గుండ్లను బాతులు ఇసుక రాళ్లతో పాటు మింగి విషమెక్కి చస్తాయి. అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసం దేశమంతటా నిషేధం.

ఫిర్యాదు చేస్తే అమ్మినవాళ్లు, "ఏదైనా స్టీలే కదా" అన్నారు. తూటాలు వెనక్కి తీసుకోరట. గట్టిగా అడిగితే, బదులుగా 3 అంగుళాలవి పంపుతామన్నారు, "ఇంకా పవర్‌ఫుల్" అంటూ. నా తుపాకీ ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) రెండుముప్పావు అంగుళాలదేనని అప్పటికే చెప్పాను! నాకు నిజంగా భయం వేసింది ఇక్కడే. తూటా పొడవును పేలి మూతి విచ్చుకున్నాక ఉండే కొలతతో చెబుతారు. పేలకముందు మూతి మడత వల్ల పొట్టిగా ఉంటుంది కాబట్టి 3 అంగుళాలది పొట్టి ఛాంబర్‌లోనూ దూరిపోతుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. దూరింది కదా అని కాల్చకండి. బ్యారెల్ మీద చెక్కిన కొలత చూడండి.

స్టీల్ గట్టిది కాబట్టి పాత తుపాకీ, బిగుతు చోక్ (బ్యారెల్ కొస దగ్గరి ఇరుకు భాగం) ఉన్నవాళ్లు దాన్ని వాడేముందు గన్‌స్మిత్‌కి చూపించండి. వాటికి మెత్తనైన బిస్మత్ అనే లోహపు గుండ్లు మేలు, ఖరీదు ఎక్కువైనా సరే.

పార్సిల్ రాగానే పెట్టె అంచే కాదు, ఒక్కో తూటా మీది అక్షరాలు కూడా చదవండి. నా దగ్గర మిగిలిన తొమ్మిది పెట్టెలూ ఇక గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను కాల్చే ప్రాక్టీస్‌కే. బాతుల దగ్గరికి వాటిని తీసుకెళ్లను.