జర్మనీ చదువు: జర్మన్ల ఇంట్లో గది మేలా, మనవాళ్ల ఫ్లాట్ మేలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగువాళ్లకి ఒడియా ఎవరు నేర్పారు? పక్కింటి అరుగు మీద ఆడుకుంటూ, వాళ్లు పెట్టిన పఖాళొ (చద్దన్నం) తింటూ వచ్చేసింది. అందుకే జర్మనీ వెళ్లే పిల్లలు అడిగితే నా మొగ్గు ముందే చెప్పేస్తాను: కుదిరితే అక్కడివాళ్ల మధ్యే ఉండండి.

ఖర్చు: మనవాళ్లతో అద్దె, వంట పంచుకుంటే కొంత మిగులుతుంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోగల ఖాతా) చూపించే సొమ్ము మాత్రం ఎక్కడున్నా ఒకటే. 2024 సెప్టెంబరులో దాన్ని ఏడాదికి 11,904 యూరోలు చేశారు.

శ్రమ: మనవాళ్లతో మొదటి రాత్రే పప్పుచారు. జర్మన్లతో అయితే రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు, చెత్త రకాలవారీగా వేరుచేయాలి. కానీ ‘ఎందుకలా?’ అని అడగడానికి మనిషి ఎదురుగానే ఉంటారు. జర్మన్‌లో ఎవరిని ‘డూ’ (నువ్వు) అనాలో, ఎవరిని ‘జీ’ (మీరు) అనాలో పుస్తకం సగమే చెబుతుంది. ఒడియాలో నువ్వు, మీరు అనడానికి ఉన్న తు, తుమె, ఆపణ ఎప్పుడు వాడాలో మనకి పక్కింటి మావుసీ దిద్దినట్టే, అదీ భోజనాల బల్ల దగ్గరే తెలుస్తుంది.

రిస్క్: చిరునామా నమోదుకి ఇల్లు ఇచ్చినవాళ్ల ధ్రువీకరణ పత్రం కావాలి. వాళ్లు అది ఇవ్వం అంటే ఆ గది వద్దు. చూడని గదికి డబ్బు పంపొద్దు.

ఇల్లు వదలడం ఇదే మొదటిసారి, కోర్సు ఇంగ్లిష్‌లో, జర్మన్ అసలు రాదు అంటే మొదటి సెమిస్టర్ మనవాళ్లతో ఉండండి. జర్మన్ బి1 (మధ్యస్థాయి) దాకా నేర్చుకుని, అక్కడే ఉద్యోగం చేయాలనుకుంటే మొదటి నెల నుంచే జర్మన్ల ఇల్లు వెతకండి.