ముంబైకి చార్టర్ విమానం మాట్లాడుకుంటున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

పెళ్ళికో ఆస్పత్రికో కంపెనీ పని మీదో హైదరాబాద్ నుంచి ముంబైకి చిన్న విమానం మాట్లాడుకునే ఆలోచనలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. శ్రావణంలో మా మేనల్లుడి పెళ్ళికి అలా వెళ్ళాం. రానూపోనూ 4.5 లక్షలకు బేరం కుదిరితే చివరికి బిల్లు 10 లక్షలు దాటింది. అదీ చూపించిన విమానం ఒకటి, ఎక్కించింది ఇంకొకటి. బ్రోకర్ పేరు ఇక్కడ రాయడం లేదు, అతనితో తేలాల్సిన లెక్క ఇంకా ఉంది. పైగా రేపు ఇంకో పేరుతో ఇంకో నంబర్ నుంచి ఇదే బేరం మీ వాట్సాప్‌లోకి రావచ్చు, కాబట్టి వీళ్ళ పద్ధతి ఏంటో తెలిస్తేనే మీకు ఉపయోగం.

చార్టర్ ఎందుకూ, అంత డబ్బులెక్కువయ్యాయా అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు, వాళ్ళకు ముందే చెప్తున్నా. పెళ్ళికొడుకు తండ్రి, అంటే మా బావగారికి అంతకు కొద్ది రోజుల ముందే మోకాలి ఆపరేషన్ అయింది. శంషాబాద్ దాకా కారు, అక్కడ క్యూలు, మళ్ళీ ముంబైలో ఆ నడక ఆయన వల్ల కాదు. మిగతా చుట్టాలు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో ముందే వెళ్ళిపోయారు. మేం ఆరుగురం తలా కొంత వేసుకుని బేగంపేట నుంచి వెళ్దామనుకున్నాం. 2008 మార్చిలో మామూలు విమానాలన్నీ శంషాబాద్‌కి మారిపోయాక బేగంపేటలో ఇలాంటి చార్టర్లు, వీఐపీల విమానాలే ఎక్కువ. ఇంటికి దగ్గర, రద్దీ లేదు, అంతవరకు బాగానే ఉంది.

బ్రోకర్ పంపిన ఫోటోల్లో ఉన్నది కింగ్ ఎయిర్ బీ200. రెండు ఇంజన్ల టర్బోప్రాప్, అంటే పంకాలు తిరిగే రకం, ఆరుగురికీ సామానుకీ సరిపోతుంది, ముంబైకి గంటన్నర. "అంతా కలిపి సార్, ఇంకేం ఉండదు" అన్నాడు. పెళ్ళి హోటల్ జుహూ బీచ్ పక్కన అని చెప్పగానే ఇంకో అడుగు ముందుకేసి "జుహూ ఎయిర్‌పోర్ట్‌లోనే దించేస్తాం, హోటల్‌కి పది నిమిషాలు" అనేశాడు. ఆ మాట విన్నప్పుడే అనుమానం రావాలి ఎవరికైనా. జేఆర్‌డీ టాటా 1932లో కరాచీ నుంచి టపా మోసుకుంటూ దిగింది జుహూలోనే, ఆ చరిత్ర గొప్పదే, కానీ ఇవాళ అక్కడ తిరిగేవి దాదాపు అన్నీ హెలికాప్టర్లు. కొటేషన్‌లో మాత్రం దర్జాగా "ముంబై" అని ఒక్క ముక్క ఉంది, ఏ ఎయిర్‌పోర్టో లేదు. గట్టిగా అడిగితే అప్పుడు శాంతాక్రజ్, అంటే ముంబై పెద్ద ఎయిర్‌పోర్ట్ అన్నాడు. మీరు మాత్రం ఎయిర్‌పోర్ట్ పేరు రాయించుకోండి. 2025 డిసెంబర్ 25 నుంచి నవీ ముంబైలో కూడా రాకపోకలు మొదలయ్యాయి కాబట్టి రేపు "ముంబై అంటే అది కూడా ముంబైయే కదా" అనరని ఏముంది? అక్కడ దిగి జుహూ చేరడం వేరే ప్రయాణం.

బయల్దేరే రోజు మధ్యాహ్నం రెండింటికి రమ్మంటే ఒంటిగంటకే వెళ్ళి కూర్చున్నాం. విమానం వచ్చేసరికి మూడున్నర దాటింది, ఇంకెవరినో ఇంకెక్కడో దించి వచ్చిందట. చూస్తే అది బీ200 కాదు, సీ90. అదే కుటుంబంలో చిన్నది. మనుషులు ఆరుగురు పడతారు, సామాను పట్టదు. పైలట్ చాలా మర్యాదగా మా సూట్‌కేసులు ఒక్కొక్కటీ తూకం వేయించి, వంగని గట్టి పెద్ద ట్రాలీ సూట్‌కేసులు వెనక అరలోకి వెళ్ళవని తేల్చి చెప్పాడు. అతన్ని అనడానికేం లేదు, బరువు లెక్క అతని బాధ్యత. తాపేశ్వరం కాజాల పెట్టెలు, పట్టుచీరల సూట్‌కేసులు, పెళ్ళికూతురికి పెట్టాల్సిన నగల బ్యాగు అన్నీ నేల మీద పరిచి ఏది ఎక్కాలి ఏది ఆగాలి అని అక్కడ పంచాయితీ. చివరికి మా తమ్ముడు నాలుగు పెట్టెలు క్యాబ్‌లో వేసుకుని శంషాబాద్ పరుగెత్తి, అప్పటికప్పుడు టికెట్ కొని మామూలు విమానంలో వచ్చాడు. వాడు మాకంటే ముందు ముంబైలో దిగాడు, అది వేరే సంగతి.

బావగారి విషయం ఇంకా ఘోరం. ఈ విమానాల తలుపే కిందికి తెరుచుకుని మెట్లవుతుంది, మెట్లు ఇరుకు. ఆయన పక్కకు తిరిగి, ఆసరాగా ఉన్న తీగ పట్టుకుని, ఆపరేషన్ కాని కాలు ముందు వేస్తూ ఎక్కారు. ఎక్కాక నిటారుగా నిలబడే వీలు లేదు, లోపలి ఎత్తు అయిదడుగుల కంటే తక్కువ. వంగి వంగి సీటు దాకా వెళ్ళేసరికి ఆయన మొహంలో చెమటలు. నిజానికి బీ200 అయినా ఎత్తు అంతే. మోకాలి పేషెంట్ ఉన్నాడని మొదటి ఫోన్‌లోనే చెప్పాం, "ఫుల్ కంఫర్ట్ సార్" అన్నాడే తప్ప ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. పెద్దవాళ్ళనో పేషెంట్లనో తీసుకెళ్ళేవాళ్ళు విమానం లోపలి ఎత్తు, మెట్లు, టాయిలెట్ ఎలా ఉంటాయో వీడియో అడగండి. సీటు లెదర్ ఫోటో దేనికీ పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ముంబై ఎయిర్‌పోర్ట్‌లో రెండు రన్‌వేలున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి, అందుకని ఒకసారి ఒకటే వాడతారు. రోజుకు 900 పైచిలుకు విమానాలు దాని మీదే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం అక్కడ రద్దీ గంటల్లో రాకపోకలను గంటకు 46 నుంచి 44కి తగ్గించమంది, చిన్న ప్రైవేటు విమానాలకు ఆ గంటల్లో పగ్గాలు బిగించింది. అప్పుడు చెప్పిన రద్దీ వేళలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 8, రాత్రి 9.30 నుంచి 11. అంటే మూడున్నరకు దిగాల్సిన మనం నాలుగింటికి ఇక్కడ బయల్దేరదామంటే కుదరదు, స్లాట్ (దిగడానికి కేటాయించిన సమయం) పోయింది. రాత్రి ఎనిమిది తర్వాత దిగేలా ఇంకో స్లాట్ దొరికేదాకా బేగంపేటలోనే కూర్చున్నాం. అక్కడ ఆడపెళ్ళివారు ఎదుర్కోలుకి పానకం బిందెలతో నిలబడ్డారు, పెళ్ళికొడుకు తండ్రి లేడు. ఫోన్ చేస్తే బ్రోకర్ "వెదర్ సార్" అన్నాడు. వెదర్ కాదు, విమానం లేటు. అదే మాట గట్టిగా అంటే నీళ్ళు నమిలాడు.

తీరా వెళ్ళాక నిజంగానే వాన. దాదాపు 50 నిమిషాలు ఆకాశంలోనే తిరిగాం. దాని మీద నాకు పేచీ లేదు. 2023 సెప్టెంబర్ 14న విశాఖ నుంచి ముంబై వచ్చిన లియర్‌జెట్ 45 జోరు వానలో రన్‌వే మీంచి పక్కకు జారి రెండు ముక్కలైంది, లోపలున్న 8 మందీ బతికి బయటపడటం వాళ్ళ అదృష్టం. పైలట్ ఆగుదామంటే ఆగాల్సిందే, ఎవరూ తొందరపెట్టకండి. కానీ ఆ తిరిగిన నిమిషాలకు డబ్బెవరిదో ముందే రాయించుకోండి. మా కొటేషన్‌లో గంట రేటు ఉంది, గంట దేన్నిబట్టి లెక్కో లేదు. బిల్లులో మాత్రం బేగంపేటలో చక్రం కదిలినప్పటి నుంచి ముంబైలో ఆగేదాకా లెక్క వేశారు. ఆకాశంలో తిరుగుడంతా మన ఖాతాలోకే.

ఇంకో పెద్ద దెబ్బ పార్కింగ్. ముంబైలో రాత్రికి చిన్న విమానాలు నిలిపే చోటు దొరకడం కష్టం. దించేసి వేరే ఊరికి వెళ్ళి, మళ్ళీ ఖాళీగా వచ్చి ఎక్కించుకుంటాయి. ఆ ఖాళీ ప్రయాణం డబ్బు మన దగ్గరే వసూలు చేస్తారు. ఇది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన విషయమే, మాకు చెప్పనిదల్లా అతనొక్కడే. బిల్లులో "ముంబై-హైదరాబాద్-ముంబై పొజిషనింగ్" అని మూడు గంటల పైన వేశాడు. మా తమ్ముడి కొడుకు ఊరుకోకుండా రెక్కల దగ్గర రాసి ఉన్న వీటీ నంబర్‌తో (వీటీ అని మొదలయ్యే విమానం రిజిస్ట్రేషన్ నంబర్) ఫ్లైట్‌రాడార్‌24లో, అంటే విమానాలు ఎటు తిరుగుతున్నాయో చూపించే వెబ్‌సైట్‌లో వెతికాడు. అన్ని చిన్న విమానాలూ అందులో కనపడవు, ఇది కనపడింది. ఆ రాత్రి అది వెళ్ళింది ఔరంగాబాద్‌కి. హైదరాబాద్‌తో పోలిస్తే సగం దూరం కూడా లేదు. ఆ స్క్రీన్‌షాట్ పంపాక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, తర్వాత "అకౌంట్స్ వాళ్ళు పొరపాటు పడ్డారు" అన్నాడు. ఎక్కేముందు వీటీ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి, మీరు దిగిన రాత్రి అది ఎటు వెళ్ళిందో అప్పుడే చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇక "అంతా కలిపి" అన్న ధర మీద 18 శాతం జీఎస్టీ వేరే.

కాగితాల సంగతి. డబ్బుకు ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ఆపరేటర్‌కి, అంటే విమానం నడిపే సంస్థకి, కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి, మీరెక్కే విమానం ఆ పర్మిట్ కింద నమోదై ఉండాలి. పర్మిట్ ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఎవరో పారిశ్రామికవేత్త సొంతానికి కొనుక్కున్న విమానాన్ని తక్కువ రేటుకి తిప్పడం కుదరదు, అలాంటి దాంట్లో వెళ్ళి ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేయడానికి అవకాశం ఇచ్చినట్టే. మేం ఎక్కిన సీ90 పర్మిట్ కాపీ అడిగితే అతను ఇప్పటికీ పంపలేదు. బిల్లు కూడా ఆపరేటర్ పేరు మీద కాదు, బ్రోకర్ పేరు మీద. కుదిరితే డబ్బు నేరుగా ఆపరేటర్ ఖాతాకే వేయండి, విమానం మారిస్తే రద్దు చేసుకుని మొత్తం వెనక్కి తీసుకునే హక్కు మీకుందని ఈమెయిల్‌లో రాయించుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ కాదు, ఈమెయిల్.

బ్రోకర్ అడిగిన మిగతా డబ్బు మేం కట్టలేదు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి, ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఒకటి చూసుకోండి: జీఎస్టీ కలిసొస్తుందని బిల్లు కంపెనీ పేరు మీద తీసుకుంటే, ఇది వ్యాపార అవసరం, మీరు వినియోగదారులే కాదు అని అవతలివాళ్ళు వాదించే వీలుంటుంది. ఇంటి పనికి వెళ్తుంటే ఇంట్లో మనిషి పేరు మీదే తీసుకోండి.