పున్నమి జాతకం వేయడానికి జగన్నాథ హోర సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది?

సూర్యచంద్రుల మధ్య దూరం సరిగ్గా 180 డిగ్రీలకు చేరిన క్షణం పున్నమి. ఆ క్షణానికి వేసే గ్రహచక్రమే పున్నమి జాతకం. పౌర్ణమి తిథి 168 డిగ్రీల దగ్గర మొదలై 180 దగ్గర ముగుస్తుంది కాబట్టి చంద్రుడు నిండేది తిథి చివర్లో. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది తిథి మొదలైన సమయానికి లగ్నం (అప్పుడు తూర్పున ఉదయించే రాశి) కట్టి అదే పున్నమి జాతకం అనుకుంటారు. తిథి 20 నుంచి 26 గంటల దాకా సాగుతుంది, ఆలోగా దాదాపు పన్నెండు లగ్నాలూ తిరిగిపోతాయి. ఫలితం ఎక్కడ తప్పిందో వెతకాల్సిన చోటు ముందుగా ఇదే.

క్యాలెండరుతో ఆ క్షణం దొరకదు. గంటల పంచాంగంతో దొరుకుతుంది గానీ ఆ క్షణానికి గ్రహస్ఫుటాలు, అంటే గ్రహాల కచ్చితమైన స్థానాలు, మళ్ళీ చేత్తో కట్టుకోవాలి. పి.వి.ఆర్. నరసింహారావు గారు రాసి ఉచితంగా ఇస్తున్న జగన్నాథ హోర ఈ రెండు పనులూ ఒకే తెర మీద చేస్తుంది. విండోస్ కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాం ఇది. గ్రహస్థితులకు స్విస్ ఎఫెమెరిస్ అనే గ్రహగణితాన్ని వాడుతుంది. జాతకానికంతటికీ కాకుండా పున్నమి లెక్కకు, పున్నమి ఫలానికి ఇది ఎలా పనిచేస్తుందన్నదే ఈ సమీక్షలో చూస్తున్నాం.

ముందు క్షణం పట్టుకోవడం. తేదీ, సమయం, ఊరు ఇచ్చాక మొదటి తెర మీద తిథి పేరు, దాని అధిపతి, ఇంకా ఎంత శాతం మిగిలిందో కనిపిస్తాయి. ఈ శాతమే అసలైన సౌకర్యం. 2025 కార్తీక పౌర్ణమి తీసుకోండి. నవంబరు 5, హైదరాబాదు, సాయంత్రం 6 గంటలు అని ఇస్తే పౌర్ణమి ఇంకా కొద్దిగా మిగిలి ఉంటుంది. సమయాన్ని అయిదేసి నిమిషాలు, ఆపైన ఒక్కో నిమిషం జరుపుతూ పోతే 6 గంటల 49 నిమిషాల దగ్గర తిథి మారుతుంది. సరైన చోటే ఆగామా అన్నది స్ఫుటాలే చెబుతాయి. లాహిరి అయనాంశలో (రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో లెక్కించే పద్ధతుల్లో ఒకటి) రవి తులలో 19 డిగ్రీల 10 నిమిషాల దగ్గర, చంద్రుడు మేషంలో అవే 19 డిగ్రీల 10 నిమిషాల దగ్గర ఉండాలి. నవాంశ (ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రం) కూడా చూడండి. 180ని తొమ్మిదితో గుణించి పూర్తి చక్రాలు తీసేస్తే మళ్ళీ 180 మిగులుతుంది. అందుకే అసలు పున్నమి క్షణంలో రవిచంద్రులు నవాంశలోనూ ఎదురెదురు రాశుల్లోనే ఉంటారు. రాశిచక్రంలో ఎదురుగా ఉండి నవాంశలో తప్పారంటే సమయాన్ని ఇంకా జరపాలి.

తిథి అధిపతి విషయంలో తెలుగువారికి మొదట కొంచెం తికమక. పౌర్ణమి పక్కన ఈ ప్రోగ్రాం శని అని చూపిస్తుంది. ముహూర్త గ్రంథాల్లో పౌర్ణమికి అధిదేవత చంద్రుడు కదా అనిపిస్తుంది. రెండూ సరైనవే, పద్ధతులు వేరు. ఇక్కడిది గ్రహాధిపత్యం: పాడ్యమికి రవితో మొదలుపెట్టి అష్టమికి రాహువు దాకా వెళ్ళి, నవమి నుంచి మళ్ళీ రవితో లెక్కిస్తే పదిహేనోది శనికి వస్తుంది. అమావాస్యకు మాత్రం రాహువు. దీన్ని జాతక విచారణలో వాడాలి, వ్రత దేవతను నిర్ణయించడానికి కాదు.

దాని కిందే కరణం, అంటే తిథిలో సగం, ఉంటుంది. పున్నమి చూసేటప్పుడు దీన్ని తప్పకుండా చదవాలి. పౌర్ణమి మొదటి సగం ఎప్పుడూ విష్టి, అంటే శుభకార్యాలకు పనికిరాదనే భద్ర. రెండో సగం బవ. రాఖీ ఎప్పుడు కట్టాలి, హోలిక ఎప్పుడు వెలిగించాలి అని ఏటా వచ్చే తర్జనభర్జనకు మూలం ఇదే. శుభకార్యానికి పౌర్ణమి అని ఎంచుకుని భద్రలో పడేవాళ్ళు ఎక్కువ. కాబట్టి మిగిలిన శాతం 50 కంటే తక్కువ ఉందా లేదా చూసుకుంటే చాలు. ఉంటే భద్ర దాటినట్టే.

ఇక అయనాంశ. తిథి అంటే రవిచంద్రుల మధ్య తేడా, కాబట్టి ఏ అయనాంశ పెట్టినా తిథి సమయం మారదు. రెండు పంచాంగాల్లో పౌర్ణమి గంటలు తేడాగా ఉంటే తప్పు అయనాంశది కాదు. ఒకటి దృక్ గణితం (ఆకాశంలో నిజంగా కనిపించే స్థితికి సరిపోయే లెక్క), ఇంకొకటి పూర్వ పద్ధతి అయి ఉంటుంది. జగన్నాథ హోరను దృక్ పంచాంగంతోనే పోల్చాలి. మారేది నక్షత్రం. 2026 జనవరి 3 పుష్య పౌర్ణమి దీనికి మంచి ఉదాహరణ. మధ్యాహ్నం 3 గంటల 33 నిమిషాలకు పున్నమి. లాహిరి ప్రకారం చంద్రుడు మిథునంలో 18 డిగ్రీల 49 నిమిషాలు, ఆర్ద్ర. రామన్ అయనాంశ పెడితే 20 డిగ్రీలు దాటి పునర్వసు. అంటే దశానాథుడు (నక్షత్రాన్ని బట్టి నడిచే దశకు అధిపతి) రాహువు నుంచి గురువుకు మారిపోతాడు. నరసింహారావు గారు స్వయంగా ప్రతిపాదించిన పుష్యపక్ష అయనాంశకూ లాహిరికీ కూడా ఒక డిగ్రీకి పైగా తేడా ఉంది. ప్రోగ్రాం పెట్టుకున్న వెంటనే సెట్టింగుల్లోకి వెళ్ళి ఏది ఎంపికై ఉందో చూడండి. తెలుగునాట దృక్ పంచాంగాలతో సరిపోవాలంటే లాహిరి. ఇది చూడకుండా నెలల తరబడి వాడి, ఆ తరువాత ప్రోగ్రాం తప్పు చెబుతోందనడం న్యాయం కాదు.

మాసం పేరు చూసి నక్షత్రం ఊహించడం ఇంకో పొరపాటు. కార్తీకం అంటే కృత్తిక, మార్గశిరం అంటే మృగశిర అని చిన్నప్పటి నుంచి చదువుకున్నదే. కానీ 2025 చివరి నెలల నుంచి 2026 జనవరి దాకా పున్నములు వరసగా ఒకటి రెండు నక్షత్రాలు వెనకే పడ్డాయి: ఆశ్వయుజ పున్నమి రేవతిలో, కార్తీక పున్నమి భరణిలో, మార్గశిర పున్నమి రోహిణిలో, పుష్య పున్నమి ఆర్ద్రలో. చాంద్రమానం సౌరమానం కంటే ఏడాదికి దాదాపు 11 రోజులు వెనక్కి జారుతుంది, ఆ జారుడు పోగై అధికమాసం ముందు ఇలా కనిపిస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చాక లెక్క అటువైపు దూకుతుంది. నిజ జ్యేష్ఠ పౌర్ణమి జూన్ 30 తెల్లవారుజామున 5 గంటల 27 నిమిషాలకు ముగిసేసరికి చంద్రుడు జ్యేష్ఠను, మూలను కూడా దాటి పూర్వాషాఢలో ఉంటాడు. నక్షత్రఫలం చెప్పేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. మొదటి తెర మీద సంవత్సరం పేరు, మాసం పేరు, నక్షత్రం మూడూ కలిసి కనిపించడం ఈ ప్రోగ్రాంలో మాకు బాగా నచ్చిన అంశం. శుక్లపక్షంలో అమాంత (అమావాస్యతో ముగిసే), పూర్ణిమాంత (పున్నమితో ముగిసే) మాసాల పేర్లు ఒకటే కాబట్టి పున్నమి వరకు ఉత్తరాది లెక్కతో గొడవే రాదు.

బలాల పట్టిక దగ్గర కాస్త ఆగాలి. పున్నమి చంద్రుడు బలవంతుడు అనే మాట సగమే నిజం, ఆ మిగతా సగాన్ని షడ్బలం, అంటే గ్రహానికి కట్టే ఆరు రకాల బలాల లెక్క, బయటపెడుతుంది. పక్షబలం సూత్రం తేలిక: రవిచంద్రుల దూరాన్ని మూడుతో భాగించాలి. 180కి 60 షష్ట్యంశలు (బలాన్ని కొలిచే ప్రమాణం) వస్తాయి, చంద్రుడికి దాన్ని రెట్టింపు చేసి 120గా తీసుకుంటారు. ఇది ప్రతి పున్నమికీ ఒకటే. ఉచ్చబలం (ఉచ్చ స్థానానికి ఎంత దగ్గరో చెప్పేది) మాత్రం రాశిని బట్టి మారిపోతుంది. చంద్రుడికి పరమోచ్చ వృషభం 3 డిగ్రీలు, పరమనీచ వృశ్చికం 3 డిగ్రీలు. 2025 డిసెంబరు 5 తెల్లవారుజామున ముగిసిన మార్గశిర పున్నమికి చంద్రుడు వృషభంలో 18 డిగ్రీల 51 నిమిషాలు. నీచ బిందువు నుంచి ఉన్న దూరాన్ని మూడుతో భాగిస్తే ఉచ్చబలం దాదాపు 54.7. అదే ఏడాది జూన్ 11 జ్యేష్ఠ పున్నమికి వృశ్చికంలో 26 డిగ్రీల 26 నిమిషాలు, ఉచ్చబలం 7.8 మాత్రమే. ఇద్దరూ నిండు చంద్రులే. జ్యేష్ఠ పున్నమి చంద్రుడు వెలుగు నిండినా నీచ రాశిలో ఉన్నాడు, మనఃకారకుడి, అంటే మనసును సూచించే చంద్రుడి, స్థితి రెండు చోట్లా ఒక్కటి కాదు. పట్టికలో మొత్తం అంకె మాత్రమే చూసి వదిలేస్తే ఈ తేడా మరుగున పడుతుంది. ఉచ్చబలాన్ని, పక్షబలాన్ని విడివిడిగా చదవండి.

ఎదురుగా ఉన్న రవిని కూడా మరవకూడదు. చంద్రుడు మేషంలో నిండితే రవి తులలో, తన నీచ రాశిలో ఉంటాడు. చంద్రుడు తులలో నిండితే రవి ఉచ్చలో ఉంటాడు. పున్నమి నాడు పుట్టిన జాతకంలో తల్లిదండ్రుల కారకులు (తల్లికి చంద్రుడు, తండ్రికి రవి) పరస్పరం సప్తమ దృష్టిలో ఉంటారు. ఎవరి బలం ఎంతో చూశాకే దాని మీద మాట చెప్పాలి.

దిగ్బలం (చక్రంలో గ్రహం ఉన్న దిక్కును బట్టి వచ్చే బలం) దగ్గర ఇంకో మెలిక. పున్నమి అర్ధరాత్రి చంద్రుడు నడినెత్తికి వస్తాడు, అంటే దశమభావం వైపు. రాత్రిబలం అప్పుడు నిండుగా వస్తుంది. దిగ్బలం మాత్రం చంద్రుడికి చతుర్థంలో పూర్తి, దశమంలో సున్న. అందుకే అర్ధరాత్రి పున్నమి జాతకంలో దిగ్బలం గడిలో అంకె పడిపోతే అది ప్రోగ్రాం లోపం కాదు.

గ్రహణం ఉందా లేదా అన్నదీ ఇక్కడే తేలుతుంది. పున్నమి చంద్రుడు రాహువుతోనో కేతువుతోనో ఒకే రాశిలో ఉన్నంత మాత్రాన గ్రహణం కాదు. పాతబిందువుకు (రాహువు లేదా కేతువు ఉన్న బిందువుకు) తొమ్మిదిన్నర డిగ్రీల లోపుంటే ప్రచ్ఛాయలో, అంటే భూమి ముదురు నీడలో, గ్రహణం తప్పదు, పన్నెండుంబావు దాటితే ఉండదు, మధ్యలో ఉంటే లెక్క కట్టాలి. 2025 సెప్టెంబరు 7 రాత్రి భాద్రపద పున్నమికి చంద్రుడు కుంభంలో 21 డిగ్రీల 10 నిమిషాలు, రాహువు అదే రాశిలో దాదాపు 24 దగ్గర. మూడు డిగ్రీల దూరం, సంపూర్ణ గ్రహణం. రాహువుకు మధ్యమ (సగటు), స్ఫుట (అసలు) స్థానాలు రెండూ సెట్టింగుల్లో ఉంటాయి, రెంటికీ ఒక డిగ్రీ పైచిలుకు తేడా రావచ్చు. సరిహద్దు కేసుల్లో రెండూ పెట్టి చూడండి.

పౌర్ణమి నాడు పుట్టినవారికి తిథిప్రవేశ చక్రం ఈ ప్రోగ్రాంకు పెద్ద ఆకర్షణ. పుట్టినప్పుడు రవి ఉన్న రాశిలోకి మళ్ళీ వచ్చాక, రవిచంద్రుల మధ్య అదే దూరం ఏర్పడిన క్షణానికి వేసే వార్షిక చక్రం ఇది. జనన సమయంలో పది నిమిషాలు తప్పితే ప్రవేశ సమయమూ దాదాపు అంతే జరుగుతుంది, లగ్నం రెండున్నర డిగ్రీలు కదులుతుంది. రెండు రాశుల సంధిలో ఉన్న లగ్నమైతే రాశే మారుతుంది. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు మధ్య మన దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ కాలంలో పుట్టిన పెద్దలకు టైమ్ జోన్ 5:30 బదులు 6:30 ఇవ్వాలి.

టైమ్ జోన్ దగ్గరే విదేశాల్లో ఉన్న తెలుగువారు ఎక్కువగా దెబ్బతింటారు. తూర్పు, పడమర అని విడిగా ఎంచుకోవాలి. డల్లాస్‌కు అక్టోబరులో 5 గంటలు పడమర, చలికాలంలో 6 గంటలు పడమర. తూర్పు అని పొరపాటున ఉంచేస్తే పది పన్నెండు గంటలు తేడా వచ్చి తిథే మారిపోవచ్చు. 2025 ఆశ్వయుజ పౌర్ణమి హైదరాబాదులో అక్టోబరు 6 మధ్యాహ్నం 12 గంటల 23 నిమిషాలకు మొదలై 7 ఉదయం 9 గంటల 16 నిమిషాలకు ముగిసింది. అదే డల్లాస్‌లో 6వ తేదీ తెల్లవారకముందు 1 గంట 53 నిమిషాల నుంచి ఆ రాత్రి 10 గంటల 46 నిమిషాల దాకా. హైదరాబాదులో సూర్యోదయం ఒక తేదీకి, రాత్రి మరో తేదీకి పంచుకున్న పౌర్ణమి డల్లాస్‌లో ఒకే రోజులో ఇమిడిపోయింది. ఇండియా క్యాలెండరు చూసి అక్కడ 7న పున్నమి పూజ చేస్తే అప్పటికే పౌర్ణమి దాటిపోయి ఉంటుంది.

అయితే ఏ రోజు చేయాలో ఈ ప్రోగ్రాం చెప్పదు, అదే దీని పరిమితి. సూర్యోదయ తిథి కావాలా, ప్రదోషంలో ఉన్న తిథి కావాలా, రాత్రంతా ఉండాల్సిన తిథా అన్నది వ్రతాన్ని బట్టి ఉంటుంది. సాయంత్రం సత్యనారాయణ వ్రతానికి, అరుణాచల గిరిప్రదక్షిణకు చూసేది సూర్యాస్తమయం తరువాతి పౌర్ణమిని. పైన చెప్పిన అక్టోబరు సందర్భంలో హైదరాబాదు లెక్కకు అది 6వ తేదీ. క్యాలెండరులో 7వ గడిలో పౌర్ణమి అని ఉండడం ఉదయతిథి లెక్క. ఈ పని ప్రోగ్రాంలో చేసుకోవాలంటే ఆ ఊరి సూర్యాస్తమయ సమయం తెర మీదే ఉంటుంది, దాన్నే జనన సమయంగా ఇచ్చి తిథి చదవాలి. రెండు రోజులకూ చేసి పోల్చాలి. అయిదు నిమిషాల పని. ధర్మశాస్త్ర నిర్ణయం మాత్రం మీ సిద్ధాంతి గారిని అడగండి.

తెర మీద తిథి, నక్షత్రాల పేర్లు సంస్కృతమే గానీ లిపి ఇంగ్లీషు. తెలుగులో అచ్చువేసి ఇవ్వాలనుకునే వారికి ఇది సరిపోదు. ఫోనులో నడవదు. తొలిరోజు తెర నిండా కనిపించే పట్టికలు చూసి కంగారు పడేవాళ్ళు ఉంటారు. పున్నమి వరకైతే మొదటి తెర, బలాలు, తిథిప్రవేశం, ఈ మూడు చాలు, మిగతావి ముట్టుకోనక్కరలేదు. దక్షిణాది చక్రం ఎంపిక చేసుకుంటే మన కంటికి అలవాటైన చతురస్రమే వస్తుంది.

రోజువారీ తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం కోసమైతే గంటల పంచాంగమే హాయి, దీన్ని తెరవడం అనవసరం. పున్నమి క్షణానికి చక్రం వేసి చంద్రుడి బలాన్ని విడదీసి చూడాలనుకునే విద్యార్థికి, వృత్తిలో ఉన్న జ్యోతిష్కుడికి మాత్రం ఉచితంగా దొరికే వాటిలో దీన్నే మొదట పెట్టుకోమంటాం. పెట్టుకున్న రోజునే అయనాంశ, టైమ్ జోన్, రాహువు స్థానం మూడూ సరిచూసి, 2025 నవంబరు 5 కార్తీక పున్నమి వేసి పైన ఇచ్చిన స్ఫుటాలతో పోల్చి చూడండి. 19 డిగ్రీల 10 నిమిషాలు రెండు వైపులా వస్తే మీ సెట్టింగులు సరిగ్గా ఉన్నట్టు.