లీ, లాంగ్‌స్ట్రీట్: పిల్లలకు ఎవరి కథ చెబితే మేలు?

అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళకు ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే ఏదో ఒక వీకెండ్ స్టోన్ మౌంటెన్ చూపించడం మామూలే. మేమూ తీసుకెళ్ళాం. కొండకు చెక్కిన ముగ్గురు రౌతులను చూసి మా మామగారు "ఎవరయ్యా వీళ్ళు, స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళా?" అని అడిగారు. కాదు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అమెరికా నుంచి విడిపోయి 1861 నుంచి 1865 దాకా యుద్ధం చేసిన దక్షిణాది నాయకులు వాళ్ళు: జెఫర్సన్ డేవిస్, రాబర్ట్ ఇ. లీ, స్టోన్‌వాల్ జాక్సన్. పక్కనే ఉన్న మా అబ్బాయి "మరి వాళ్ళలో తప్పు తెలుసుకున్నవాడు ఒక్కడూ లేడా?" అన్నాడు.

ఉన్నాడు. అక్కడికి గంట దూరంలో, గెయిన్స్‌విల్‌లో అతని సమాధి ఉంది. పేరు జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. లీ కింద పనిచేసిన జనరల్, లీ "నా ముసలి యుద్ధాశ్వం" అని పిలుచుకున్నవాడు. ఆ కొండ మీద మాత్రం అతనికి చోటు లేదు.

యుద్ధ విద్యలో ఎవరు మేలన్నది త్వరగా తేలే విషయం కాదు. ఎదురుదాడిలో, సాహసంలో లీది పైచేయి. మంచి చోటు చూసుకుని కాచుకోవడంలో, సైనికుల ప్రాణాలను లెక్కపెట్టుకోవడంలో లాంగ్‌స్ట్రీట్‌ది పైచేయి. 1863 చివర్లో సొంతంగా నాక్స్‌విల్ మీదికి వెళ్ళి అతను విఫలమయ్యాడు, అదీ చెప్పాలి. అసలు గొడవంతా పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ యుద్ధం దగ్గర మొదలవుతుంది.

1863 జూలై 3న లీ సుమారు 12,500 మందిని బయలు మైదానం దాటించి, ఎత్తు మీదున్న శత్రువు పైకి పంపాలనుకున్నాడు. వద్దు, శత్రువు ఎడమ పక్కను చుట్టి వెళ్దామని లాంగ్‌స్ట్రీట్ బతిమాలాడు. లీ వినలేదు. కదలమని ఆజ్ఞ ఇవ్వాల్సిన క్షణంలో లాంగ్‌స్ట్రీట్‌కు నోట మాట రాలేదు, తల మాత్రం ఊపాడు. వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా చచ్చారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. తిరిగొచ్చినవాళ్ళకు లీ ఎదురెళ్ళి, తప్పంతా నాదే అన్నాడు. ఆ మాట అన్నందుకు లీ మీద నాకు గౌరవం ఉంది.

కానీ చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా. 1870లో లీ పోయాడు. 1872లో, లీ పుట్టినరోజున, జుబల్ ఎర్లీ అనే మాజీ జనరల్ ఒక ప్రసంగం చేసి గెటిస్‌బర్గ్ ఓటమి భారాన్ని లాంగ్‌స్ట్రీట్ నెత్తిన పెట్టాడు. మరుసటి ఏడాది ఇంకొకరు, జూలై 2న తెల్లవారగానే దాడి చేయమని లీ ఆజ్ఞాపించినా అతను కావాలనే ఆలస్యం చేశాడన్నారు. అలాంటి ఆజ్ఞ ఏదీ తమకు తెలియదని లీ సొంత సిబ్బంది అధికారులే రాసిచ్చారు. ఆ రోజు దాడి సాయంత్రం నాలుగింటికి మొదలైన మాట నిజమే, అతని మనసు అందులో లేదన్న విమర్శలోనూ కొంత బలం ఉంది. కానీ దాన్ని ద్రోహం అనడం అన్యాయం.

వాళ్ళ కోపమంతా యుద్ధం తర్వాతి సంగతుల మీద. 1867లో లాంగ్‌స్ట్రీట్ పత్రికలకు ఉత్తరాలు రాసి, మనం ఓడిపోయాం, కొత్త చట్టాలను ఒప్పుకుందాం అన్నాడు. నల్లవాళ్ళకు ఓటు ఇచ్చే చట్టాలవి. 1868 అధ్యక్ష ఎన్నికల్లో పాత స్నేహితుడు, యుద్ధంలో ఉత్తరాది సేనాని అయిన గ్రాంట్‌ను బలపరిచాడు, ఆపైన ప్రభుత్వ ఉద్యోగం తీసుకున్నాడు. దాంతో దక్షిణాది తెల్లవాళ్ళు అతన్ని వెలివేశారు.

అదే కాలంలో లీ ఏం చేశాడు? కొండల్లోకి పోయి గెరిల్లా యుద్ధం చేద్దామన్నవాళ్ళకు వద్దని చెప్పాడు. అది చిన్న మేలు కాదు, ఎన్నో ప్రాణాలు మిగిలాయి. కాలేజీ అధ్యక్షుడిగా కుదురుగా పనిచేశాడు. 1869లో గెటిస్‌బర్గ్‌లో స్మారకాల కోసం పిలిస్తే, యుద్ధపు పుండ్లను తెరిచి ఉంచకపోవడమే మంచిదని జవాబు రాశాడు. అయినా రిచ్‌మండ్‌లో 1890లో నిలబెట్టిన అతని పెద్ద విగ్రహం 2021 దాకా అక్కడే ఉంది. కానీ 1866లో కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని నల్లవాళ్ళకు తెలివిగా ఓటు వేసే శక్తి లేదన్నదీ ఈయనే. పారిపోయి దొరికినందుకు లీ తనను కొరడాతో కొట్టించాడని వెస్లీ నారిస్ అనే మాజీ బానిస అదే ఏడాది వాంగ్మూలం ఇచ్చాడు.

లాంగ్‌స్ట్రీట్ మడిమ తిప్పని మహాత్ముడేం కాదు. 1867లో అతని లెక్క, నల్లవాళ్ళ ఓటు మనకు చెరుపు చేయకుండా మనమే దాన్ని నడిపించుకుందామని. ఆ ఉత్తరాలు చదివితే మనసు చివుక్కుమంటుంది. కానీ మనిషి అక్కడే ఆగలేదు. 1874 సెప్టెంబర్ 14న న్యూ ఆర్లీన్స్‌లో వైట్ లీగ్ అనే సాయుధ గుంపు, దాదాపు 5,000 మంది, రాష్ట్ర ప్రభుత్వాన్ని కూలదోయడానికి వచ్చింది. వాళ్ళలో చాలామంది పాత దక్షిణాది సైనికులే. నల్లవాళ్ళూ ఉన్న పోలీసు, మిలీషియా దళాలకు నాయకత్వం వహిస్తూ 53 ఏళ్ళ లాంగ్‌స్ట్రీట్ వాళ్ళకు ఎదురు నిలిచాడు. ఓడిపోయాడు, దెబ్బ తగిలింది, పట్టుబడ్డాడు. గ్రాంట్ పంపిన కేంద్ర సైన్యం వచ్చాకే ఆ గుంపు వెనక్కి తగ్గింది. తర్వాత ఆ ఊళ్ళో స్మారకం కట్టింది ఎవరికనుకున్నారు? దాడి చేసినవాళ్ళకు, 1891లో. దాన్ని తీసేయడానికి 2017 దాకా పట్టింది.

అందుకే పిల్లలకు చెప్పాలంటే నా ఓటు లాంగ్‌స్ట్రీట్‌కే. లీ కథ మచ్చలేని వీరుడి కథగా చెప్పడానికి అలవాటుపడ్డారు, అలా చెప్పాలంటే నారిస్‌ను దాచేయాలి. లాంగ్‌స్ట్రీట్ కథలో దాచాల్సింది లేదు, దాచకుండా చెబితేనే అది అర్థమవుతుంది.

గెటిస్‌బర్గ్‌లో లీ విగ్రహం 1917 నుంచి ఎత్తైన దిమ్మె మీద ఉంది. లాంగ్‌స్ట్రీట్‌కు అక్కడ 1998లో గానీ విగ్రహం రాలేదు. దానికి దిమ్మె కూడా లేదు, చెట్ల మధ్య గుర్రం నేల మీదే ఉంటుంది.

వచ్చే నెల మా అబ్బాయిని గెయిన్స్‌విల్ తీసుకెళ్తున్నాను. అక్కడ వాడికి రెండు తేదీలు చెప్పాలి. 1863 జూలై 1న, పెన్సిల్వేనియాలో పట్టుకున్న నల్లవాళ్ళను వెంట తీసుకురమ్మని లాంగ్‌స్ట్రీట్ కార్యాలయం నుంచి ఉత్తర్వు వెళ్ళింది. 1874 సెప్టెంబర్ 14న అదే లాంగ్‌స్ట్రీట్ నల్ల సైనికులున్న దళం ముందు నిలబడ్డాడు.