డెంప్‌స్టర్ దారిలో మృదంగం

మార్చిలో కచేరీలకు వెళ్ళాం. ఫిడేలు, గిటారు, నా మృదంగం, ఒక అద్దె వ్యాను. కెనడా యూకాన్‌లో డాసన్ సిటీ దగ్గర మొదలై ఉత్తరాన ఇనూవిక్ పట్టణం దాకా సాగే డెంప్‌స్టర్ హైవే దాదాపు 740 కిలోమీటర్ల కంకర రోడ్డు. నడిమధ్య ఈగిల్ ప్లెయిన్స్‌లో పెట్రోలు, పడక దొరుకుతాయి. అక్కడ ఒక రాత్రి అనుకుంటే, గాలికి రోడ్డు మూసేయడంతో రెండు రాత్రులయ్యాయి. వ్యానువాళ్ళు ఒక్క స్టెప్నీ చాలన్నారు. చాలలేదు.

పీల్, మెకెంజీ నదులను గడ్డకట్టిన మంచు మీదుగా దాటాం. వేసవిలోనైతే ఫెర్రీ ఉంటుంది. మంచు పట్టే, కరిగే వారాల్లో రెండూ ఉండవు, అప్పుడు కచేరీ ఒప్పుకోవద్దు.

దారిలో ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో బడి జిమ్ములో వాయించాం. అది గ్విచిన్ అనే ఆదివాసుల ఊరు. బొచ్చుతోళ్ళు కొనే హడ్సన్స్ బే కంపెనీ వర్తకులతో వచ్చిన ఫిడేలును వాళ్ళు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. రెండో పాటకే కుర్చీలు వెనక్కి జరిగాయి, అవ్వలు కూడా ఆటకు లేచారు. వినికిడికైతే ఈ పర్యటనలో నా మొదటి మార్కు ఆ జిమ్ముకే. విరామంలో మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. ఒక పాప వేలితో తాకి, ఇది తింటారా అని అడిగింది. ఉప్మా చేసుకుంటామన్నాను, నమ్మలేదు.

ఇనూవిక్‌లో నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి నీటి గొట్టాలు కూడా నేల పైనే, పెట్టెల్లో నడుస్తాయి. మొదటి రాత్రి హోటల్లో దిగాం. పరుపు మెత్తన, హీటరు మాత్రం పొడిగాలి పోసింది. తెల్లారేసరికి తోలు బిగుసుకుని అర శ్రుతి పెరిగింది. మూత అంచును కింది నుంచి రాయితో తట్టి దించాను. సాయంత్రం కచేరీ మధ్యలో రవ్వ ఎండి, పెంకులుగా రాలింది. మర్నాడు ఒక టీచరు గారి ఇంటికి మారాం. గది చిన్నది, కానీ ఆవిడ పొయ్యి మీద నీళ్ళు మరిగిస్తూనే ఉన్నారు. వాద్యం పెట్టె లోపలికి తెచ్చాక మూడు గంటలు తెరవవద్దన్నదీ ఆవిడే. ఆ మాట అక్షరాలా పాటించండి, చలి నుంచి వచ్చిన చెక్క ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది.

కూరగాయల ధరలు చూసి కొనకుండానే బయటికి వచ్చాను. వెంట తెచ్చుకున్న కందిపప్పు, ఆవకాయ ఆదుకున్నాయి. పారితోషికంలో పెట్రోలు, టైరు పోగా మిగిలింది తక్కువే. ఆ హోటలు రాత్రి ఒక్కటి మానుకుని ఉంటే టైరు డబ్బులో సగం వచ్చేది.