భుజం అరుగుదల: మామూలు వైద్యమా, ట్రయలా?
ఒడిశాలోని బరంపురంలో మా అత్తయ్య చెయ్యెత్తి జడ వేసుకోలేకపోతోంది. భుజం కీలులో మృదులాస్థి అరిగింది. మామూలు వైద్యమంటే ఫిజియోథెరపీ, నొప్పి మాత్రలు, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఉపశమనం కొంతకాలమే, అరిగింది తిరిగి రాదు.

ట్రయల్‌లో అంటే కొత్త మందును రోగులపై పరీక్షించి చూసే అధ్యయనంలో, ఆ మందు దక్కొచ్చు, మందే లేని ఇంజెక్షనూ పడొచ్చు. ఏ గుంపులో వేస్తారో మన చేతిలో ఉండదు. కానీ మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. సమ్మతి పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అత్తయ్య ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. తెలుగు ప్రతి అడగాల్సిందే, మొహమాటపడొద్దు. ట్రయల్ మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ జాబితా అయిన సీటీఆర్‌ఐలో నమోదైందో లేదో చూడండి.

ముందు మామూలు వైద్యానికే నా ఓటు. అది సరిపోక, పదేపదే ఆస్పత్రికి తిరిగే ఓపిక ఉంటేనే ట్రయల్.