నింజా గైడెన్ 3: పాత డిస్కా, రేజర్స్ ఎడ్జా? ఏది మేలు?

2012 మార్చిలో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చిన కత్తియుద్ధాల వీడియో గేమ్ నింజా గైడెన్ 3 ఆ సిరీస్ అభిమానులకే మింగుడుపడలేదు. ఆధునిక సిరీస్‌ను నడిపించిన టొమోనొబు ఇటగాకి 2008లో వెళ్లిపోయాక టీమ్ నింజా స్టూడియో చేసిన గేమ్ ఇది. అదే ఏడాది నవంబరులో, సరిదిద్దిన రూపం రేజర్స్ ఎడ్జ్ పేరుతో నింటెండో కన్సోల్ వీ యూకి వచ్చింది. 2013 ఏప్రిల్‌లో మిగతా రెండు కన్సోళ్లకూ ఇచ్చారు. హీరో రియూ హయబుసా, అతని కుడిచేతికి పట్టిన శాపం, కథ రెండింటిలోనూ అవే. పోరాటం మాత్రం వేరు.

తేడా పట్టుబడాలంటే నింజా గైడెన్ 2ని గుర్తు చేసుకోవాలి. అందులో కాలో చెయ్యో తెగినంత మాత్రాన శత్రువు చావడు. పాక్కుంటూ వచ్చి మిమ్మల్ని పట్టుకుని, తనతోపాటు పేల్చేస్తాడు. అంటే తెగిన కాలు రక్తం చూపించడానికి పెట్టింది కాదు, 'ముందు వీడి సంగతి చూడు' అని ఆడేవాడికి అందే కబురు. దగ్గరికెళ్లి స్ట్రాంగ్ అటాక్ (బలమైన దెబ్బ) బటన్ నొక్కితే ఒక్క వేటుతో అయిపోతాడు. చుట్టూ ఎంతమంది మూగినా ఎవణ్ని ముందు వెయ్యాలో లెక్క దొరికేది.

పాత నింజా గైడెన్ 3 ఆ లెక్కనే తీసేసింది. అవయవాలు తెగవు. బదులుగా కత్తి ఎముకలో దిగబడుతుంది, కెమెరా మీదికొస్తుంది, మళ్లీ బటన్ నొక్కి కోసుకుంటూ పోవాలి. మొదట్లో చెయ్యి జిల్లుమంటుంది, గంట గడిచేసరికి అదే అడ్డంకి. డిస్క్‌లో ఉన్న ఆయుధం కత్తి ఒక్కటే. పంజాలు, కొడవలి తర్వాత డౌన్‌లోడ్‌గా ఇచ్చారు. నిన్‌పో, అంటే నింజా మంత్రవిద్య, కూడా ఒక్కటే. శత్రువుల్ని చంపి పోగేసుకుని ఖర్చుపెట్టేదంటూ ఏమీ లేదు కాబట్టి మొదటి రోజు ఎలా ఆడారో చివరి రోజూ దాదాపు అలాగే ఆడతారు. లండన్ వీధుల్లో ఒక సైనికుడు ముసుగు తీసి తనను ప్రాణాలతో వదిలేయమని వేడుకుంటాడు. వదిలే దారి గేమ్ ఇవ్వదు, నరికితేనే కథ కదులుతుంది. బరువైన సన్నివేశమే, కానీ ఆడేవాడికి నిర్ణయం లేనప్పుడు ఆ బరువు ఎవరి మీద పడుతుంది?

రేజర్స్ ఎడ్జ్‌లో అవయవాలు తెగడం తిరిగొచ్చింది. ఆయుధాలు ఆరు: కత్తి, జంట కత్తులు, పంజాలు, కొడవలి, లూనార్ కర్ర, కుసరిగామ (గొలుసు కట్టిన కొడవలి). పోరాటంలో పోగేసుకునే కర్మ పాయింట్లతో ఆయుధాల లెవెల్, ప్రాణం గీత, కొత్త విద్యలు కొనుక్కోవచ్చు. అయానే అనే మహిళా నింజాతో ఆడే రెండు అధ్యాయాలు అదనం.

అలాగని ఇది నున్నటి గేమేం కాదు. కెమెరా గోడకు ఇరుక్కుంటే, తెర బయటి నుంచి వచ్చే రాకెట్ తగిలేదాకా కనబడదు. శత్రువులు మొండిగా ఉంటారు. గార్డ్ (దెబ్బ కాచుకునే బటన్) పట్టుకుని కూర్చుంటే పట్టు వేసి లాగేస్తారు, ఎందుకంటే పట్టుకి గార్డ్ పనిచేయదు. కొత్తవాళ్లు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. దానికి రెండు అలవాట్లు కావాలి. శత్రువు పట్టుకోబోతున్న క్షణంలోనే స్ట్రాంగ్ అటాక్ ఇస్తే స్టీల్ ఆన్ బోన్ అనే వేటు పడి అక్కడికక్కడే చస్తాడు, ఊపు తప్పకపోతే పక్కవాడి మీదికీ అదే కొనసాగుతుంది. రెండోది, గాలిలోంచి నేలకు దిగుతూనే స్ట్రాంగ్ బటన్ నొక్కి పట్టుకోవడం. నిలబడి చేసేదానికంటే ఛార్జ్, అంటే పెద్ద దెబ్బకు కూడబెట్టే బలం, త్వరగా ఎక్కుతుంది. దిగేముందు నొక్కితే రియూ గాలిలోనే దెబ్బ వేసేస్తాడు, ఛార్జ్ పోతుంది.

నా ఓటు నిస్సందేహంగా రేజర్స్ ఎడ్జ్‌కే. మొదటి రూపం ఎక్కడ తప్పిందో చూడాలనుకునేవాళ్లే పాత డిస్క్ వెతుక్కోవాలి. కష్టం భయపెడితే హీరో మోడ్ ఉంది, ప్రాణం తగ్గినప్పుడు గార్డ్ అదే వేసుకుంటుంది.

కొనేటప్పుడు కవర్ మీద 'రేజర్స్ ఎడ్జ్' అనే మాట ఉందో లేదో చూడండి, పైన పేరు రెండింటికీ నింజా గైడెన్ 3 అనే ఉంటుంది. వీ యూ డిస్క్ అయితే మీ కన్సోల్ రీజియన్‌దే కావాలి, పైగా ఆ కన్సోల్ ఈషాప్‌లో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆగిపోయాయి. పాత కన్సోల్ లేనివాళ్లకు 2021 జూన్‌లో వచ్చిన మాస్టర్ కలెక్షన్ ఉంది: ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, స్విచ్, పీసీ. అందులో పెట్టింది రేజర్స్ ఎడ్జ్‌నే, పాత మూడోదాన్ని కాదు.